తాళం లేని రచ్చబండ

1979 చివరి నెలలు. అమెరికాలో ఉత్తర కరొలినా రాష్ట్రం. డర్హమ్ ఊళ్లో డ్యూక్ విశ్వవిద్యాలయం.

రాత్రి. బయట చలి. కంప్యూటర్ గదిలో అంతకు మించిన చలి. బీరువా అంత ఉన్న పీడీపీ-11 మెషీన్ వేడెక్కకుండా ఏసీ ఆగకుండా తిరుగుతోంది. ఫ్యాన్ల హోరుకి చెవులు దిబ్బడ వేస్తున్నాయి. మెషీన్‌కి తగిలించిన చిన్న పరికరం ఒకటి ఉంది. దుకాణంలో కొన్నది కాదు. విద్యార్థులు సొంతంగా అతుకులు వేసి చేసుకున్నది. ఉన్నట్టుండి అందులో ఏదో కదిలింది.

టక్. టక్‌టక్. టక్‌టక్‌టక్.

వేలు పెట్టిన మనిషి లేడు. ఫోన్ నంబరు దానంతటదే తిరుగుతోంది.

పది మైళ్ల పైచిలుకు దూరంలో చాపెల్ హిల్. అక్కడ మరో విశ్వవిద్యాలయం. మరో మెషీన్. ఫోన్ మోగింది. అవతలి మోడెమ్ ఎత్తి సన్నగా ఈల వేసింది. ఇవతలి మోడెమ్ బదులు పలికింది. తర్వాత డ్యూక్ మెషీన్ అచ్చం ఒక మనిషి వచ్చి టెర్మినల్ ముందు కూర్చున్నట్టే ప్రవర్తించింది: అవతలి తెర పేరు అడిగేదాకా ఆగి, పేరు చెప్పి, పాస్‌వర్డ్ అడిగేదాకా ఆగి, అది కూడా చెప్పి, తలుపు తెరుచుకోగానే లోపలికి వెళ్లి, సంచిలో తెచ్చిన కాగితాలు ఒక్కొక్కటిగా బల్ల మీద పెట్టినట్టు అక్షరాలు దింపడం మొదలుపెట్టింది.

సెకనుకు 30 అక్షరాలు. పోస్టుకార్డు నిండా రాసిన ఉత్తరం దాటాలంటే దాదాపు అర నిమిషం. మధ్యలో లైను తెగిందంటే మళ్లీ మొదటికి.

ఆ లైను నిలబడుతుందా, తెగిపోతుందా? ఆ రాత్రి తేలాల్సింది అదొక్కటే అనుకున్నారు కుర్రాళ్లు. తేలాల్సింది ఇంకా చాలా ఉందని వాళ్లకి తెలీదు.

*

కథ మొదలైంది ఒక చిన్న చిరాకుతో.

డర్హమ్ పొగాకు ఊరు. ఆకులు రాలే కాలం వచ్చిందంటే గోదాముల్లోంచి వాసన వీధులన్నీ కమ్మేసేది. టంగుటూరులోనో కందుకూరులోనో బ్యారన్ల పక్కన పెరిగినవాళ్లకి ఆ వాసన గురించి చెప్పక్కర్లేదు. డ్యూక్ అన్న పేరు కూడా పొగాకు మీద కోట్లు గడించిన కుటుంబానిదే. ఆ ఏడాది, ఆ వాసనలోనే, కంప్యూటర్ సైన్స్ విభాగానికి ఒక టేపు వచ్చింది. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం ఏడో ఎడిషన్.

అందరూ ఎదురుచూసిన టేపు అది. ఎక్కించారు. ఎక్కించగానే పాతది ఒకటి చచ్చిపోయింది.

దాని పేరు ఐటమ్స్. చిన్న ప్రోగ్రాం. ల్యాబ్ కబుర్లు, నోటీసులు పెట్టుకునే గోడ లాంటిది. పాత యూనిక్స్ మీద చక్కగా నడిచింది. కొత్తదాంతో పొసగలేదు. ఊళ్లో రావిచెట్టు కూలితే కింద కూర్చునేవాళ్లు ఎటు పోవాలో తెలీక నిలబడిపోయినట్టయింది.

ఇద్దరు విద్యార్థులకి అది మరీ లోటుగా అనిపించింది. ఒకడు టామ్ ట్రస్కాట్. చదరంగం ఆడే డచెస్ అనే ప్రోగ్రాం రాసినవాళ్లలో ఒకడు. ఆ ఏడాది వేసవి బెల్ ల్యాబ్స్‌లో గడిపి వచ్చాడు. యూనిక్స్ పుట్టిల్లు అది. తిరిగొచ్చాక అక్కడి మాటలు, అక్కడి మనుషులు దూరమైపోయారు. రెండోవాడు జిమ్ ఎల్లిస్. ఇద్దరూ కొత్త టేపులో ఏమేమి ఉన్నాయో వెతకసాగారు. అందులో యూయూసీపీ అనే ప్రోగ్రాం ఒకటి కనిపించింది. బెల్ ల్యాబ్స్‌లో మైక్ లెస్క్ రాసినది. ఒక యూనిక్స్ మెషీన్ ఇంకో యూనిక్స్ మెషీన్‌కి ఫోన్ చేసి ఫైళ్లు అందించగలదు.

పాత గోడని కూల్చిన టేపే కొత్త దారి తెచ్చింది. గోడని మళ్లీ కడితే ఒక్క ఊరికే ఎందుకు కట్టాలి?

*

ఆ ప్రశ్న ఎంత బరువైనదో తెలియాలంటే అప్పటి సంగతి కొంచెం చూడాలి.

అప్పటికి పదేళ్లుగా ఆర్పానెట్ ఉంది. అమెరికా రక్షణ శాఖ డబ్బుతో నడిచే నెట్‌వర్క్. రక్షణ శాఖ పనులు చేసే సంస్థలకే అందులో చోటు. డ్యూక్‌కి లేదు. చాపెల్ హిల్‌కి లేదు. దేశంలో ఎన్నో కాలేజీలకి లేదు. గేటు బయట నిలబడి లోపలి పెళ్లి సందడి వినడమే వాళ్ల వంతు.

యూనిక్స్ కథ వేరు. దాన్ని తయారుచేసిన బెల్ ల్యాబ్స్ ఏటీ అండ్ టీ అనే టెలిఫోన్ కంపెనీది. 1956లో ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం ప్రకారం ఫోన్లు తప్ప వేరే వ్యాపారం చెయ్యకూడదు. అందుకని విశ్వవిద్యాలయాలకి యూనిక్స్‌ని నామమాత్రపు ధరకి, సోర్స్ కోడ్‌తో సహా ఇచ్చేసింది. ఒక్క షరతు. పాడైతే మీ తిప్పలు మీవి. మేం రాం, చూడం, బాగు చెయ్యం.

దాంతో ఏ కాలేజీలో తప్పు దొరికితే ఆ కాలేజీ కుర్రాళ్లే దిద్దుకున్నారు. దిద్దినది పక్క కాలేజీకి చెప్పాలనుకున్నారు. చెప్పడానికి ఉత్తరమో, ఏడాదికి రెండుసార్లు జరిగే యూనిక్స్ వాడకందార్ల సమావేశమో దిక్కు. ఒక ఊళ్లో రాత్రంతా మేలుకుని విడదీసిన చిక్కుముడి దగ్గరే ఇంకో ఊళ్లో ఇంకొకడు తల పట్టుకుని కూర్చునేవాడు.

కోడ్ అందరి చేతుల్లోనూ ఉంది. కోడ్ గురించి మాట్లాడుకునే చోటు మాత్రం ఎవరికీ లేదు.

*

ట్రస్కాట్, ఎల్లిస్ ఇంకొందరిని పోగేశారు. చాపెల్ హిల్ నుంచి స్టీవ్ బెల్లోవిన్ వచ్చాడు. అతనూ విద్యార్థే. కూర్చున్నారు. మాట్లాడుకున్నారు.

ఏం కావాలో స్పష్టంగానే ఉంది. ఉత్తరం ఒకరి నుంచి ఒకరికి పోతుంది. వీళ్లకి కావాల్సింది ఒకరు అంటే అందరూ వినేది, విన్నవాళ్లలో ఎవరైనా బదులు చెప్పగలిగేది. రచ్చబండ లాంటిది. కాకపోతే ఈ రచ్చబండ ప్రతి ఊళ్లోనూ ఉండాలి. ఒక ఊళ్లో అన్న మాట తెల్లారేసరికి మిగతా ఊళ్లలోనూ వినపడాలి. నడుమ పెద్ద కంప్యూటర్ ఉండకూడదు. పెత్తందారు ఉండకూడదు. ఒక మెషీన్ చచ్చినా మిగతావి నడవాలి.

బెల్లోవిన్ చాపెల్ హిల్ తిరిగి వెళ్లి టెర్మినల్ ముందు కూర్చున్నాడు.

సీ భాషలో రాయడం మొదలుపెట్టలేదు. ఆ మెషీన్ మీద కంపైల్ చెయ్యడమంటే కాచుకుని కూర్చోవడమే. పైగా ఇంకా ఏది ఎలా ఉండాలో తేలలేదు. రాయాలి, చూడాలి, చెరపాలి, మళ్లీ రాయాలి. షెల్ స్క్రిప్ట్ ఎత్తుకున్నాడు. యూనిక్స్‌లో అప్పటికే ఉన్న చిన్నచిన్న ఆదేశాల్ని దండలా గుచ్చడం. కొత్తగా వచ్చినవి ఏవో వెతుకు. చదవనివి చూపించు. చదివినట్టు గుర్తు పెట్టు. పక్క ఊరికి పంపు.

పూర్తయ్యేసరికి సుమారు 150 వరుసలు. అంతే. మూడు కాగితాల్లో పట్టేస్తుంది. రకరకాల విషయాలకి రకరకాల గుంపులు కూడా అందులోనే. ఒకే మాటని రెండు మూడు గుంపుల్లో పెట్టే వీలు కూడా అందులోనే.

నడిచింది. కానీ నత్తనడక. పీడీపీ-11 రొప్పుతూ రోజుతూ ఒక్కో ఫైలూ తెరుస్తుంటే, చదవడానికి కూర్చున్నవాడు మెరిసే కర్సర్ వైపు చూస్తూ ఉండిపోవాల్సిందే.

నెమ్మది సంగతి తర్వాత చూసుకోవచ్చు. వాళ్లని అంతకంటే గట్టిగా పట్టుకున్న ప్రశ్న ఇంకోటి ఉంది.

ఈ తలుపుకి తాళం వెయ్యాలా?

*

మెషీన్ మెషీన్‌కి ఫోన్ చేసినప్పుడు పాస్‌వర్డ్ ఉంది. సరే. లోపలికి వచ్చిన మాట సంగతేంటి? ఫలానా మాట ఫలానా మనిషే అన్నాడని నమ్మేదెలా? ఒకడి పేరుతో ఇంకొకడు రాస్తే? ఒకడు పెట్టినది ఇంకొకడు చెరిపేస్తే?

వాళ్లకి తెలీక కాదు. ఆ ఏళ్లలోనే ఎంఐటీలో రివెస్ట్, షమీర్, ఏడల్‌మన్ కనిపెట్టిన కొత్త గూఢలిపి పద్ధతి లోకమంతా మారుమోగుతోంది. సంతకం ఫోర్జరీ చెయ్యలేని పద్ధతి. దాన్ని వాడొచ్చా అని ఆలోచించారు. ఒక చోట ఆగిపోయారు. ఈ తాళంచెవి ఈ మనిషిదే అని పూచీ పడేది ఎవరు? దానికి నడుమ ఒక పెద్దమనిషి కావాలి. పెద్దమనిషి ఉండకూడదనే కదా మొత్తం కట్టింది.

తేలలేదు. వదిలేశారు. తాళం లేకుండానే తలుపు నిలబెట్టారు. వచ్చేవాళ్లు యూనిక్స్ వాళ్లు, ఒకరికొకరు తెలిసినవాళ్లు, చదువుకున్నవాళ్లు, ఎవరైనా అతి చేస్తే వాళ్ల కాలేజీలో పెద్దలకి ఒక్క ఫోన్ కొడితే సరిపోతుంది అన్న ధీమా ఒకటి ఆ గదిలో ఉంది.

ఆ ధీమా నిలిచింది చాలా ఏళ్లే. కూలిన రోజున మాత్రం లోకమంతా చూసింది.

*

తలుపు ఎలా కట్టారో దగ్గర నుంచి చూస్తే ఆ కుర్రాళ్ల బుర్ర తెలుస్తుంది.

ఒక మాట డ్యూక్‌లో పుట్టింది అనుకుందాం. చాపెల్ హిల్ చేరింది. చాపెల్ హిల్ దాన్ని ఇంకో ఊరికి పంపింది. ఆ ఊరు మళ్లీ డ్యూక్‌కే పంపితే? ఒకే మాట గుండ్రంగా తిరుగుతూ మెషీన్లన్నిటినీ ముంచేస్తుంది. అందుకని ప్రతి మెషీన్ తనని దాటిన మాట మీద తన పేరు అచ్చు వేసింది. తపాలా ముద్రలా. పేరుకీ పేరుకీ నడుమ ఒక ఆశ్చర్యార్థకం. పంపే ముందు మెషీన్ ముద్రలు చూస్తుంది. అవతలివాడి పేరు అప్పటికే ఉందా? ఉంటే పంపదు.

ఇంకో చిన్న జాగ్రత్త. ప్రతి మాటలోనూ మొట్టమొదటి వరుసలో, మొట్టమొదట, ఒకే ఒక్క అక్షరం. ఇంగ్లిష్ అక్షరమాలలో మొదటిది. ఏ.

దాని అర్థం ఒక్కటే. ఇది మొదటి పద్ధతి. రేపు ఎవరైనా ఇంతకంటే మంచి పద్ధతి కనిపెడితే వాళ్లు వేరే అక్షరం పెట్టుకోవచ్చు. తమ తర్వాత ఇంకెవరో వస్తారనీ, వచ్చి దీన్ని మారుస్తారనీ మొదటి వరుసలోనే చోటు వదిలారు.

మూడో మెషీన్ డ్యూక్ వైద్య కళాశాలలో ఫిజియాలజీ విభాగానిది. ముచ్చటగా మూడు ఊళ్లు కాదు, మూడు గదులు. డ్యూక్‌లోనే మరో విద్యార్థి స్టీఫెన్ డేనియల్ నత్తనడక సంగతి పట్టుకున్నాడు. మొత్తాన్నీ సీ భాషలో తిరగరాశాడు. మెషీన్ రొప్పడం ఆగింది.

చేతిలో పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉంది. దేశంలో ఎవరి దగ్గరా లేదు. అమ్ముకోవచ్చు. దాచుకోవచ్చు. ఏం చెయ్యాలి?

*

1980 జనవరి. కొలరాడో రాష్ట్రం, బౌల్డర్. రాకీ పర్వతాల అంచున ఊరు. యూనిక్స్ వాడకందార్ల సమావేశం.

జిమ్ ఎల్లిస్ లేచి నిలబడ్డాడు. అతను తెచ్చింది కొన్ని కాగితాల ఆహ్వానం. ఏ యూనిక్స్ మెషీన్ అయినా కలవొచ్చు. రక్షణ శాఖ కాగితం అక్కర్లేదు. ఫోన్ చేసే పరికరం లేదా? డ్యూక్ చేస్తుంది. ఫోన్ ఖర్చు మాత్రం ఎవరిది వాళ్లు ఇచ్చుకోవాలి. మొదట్లో వచ్చేవి తప్పులు దిద్దుకోవడాలు, సమస్యల గోడు, సాయం చెయ్యండో అన్న కేకలే కావచ్చు. అదీ సంగతి.

ఆ కాగితంలో ఇంకో మాట ఉంది. దాచకుండా రాశారు. ఇది కొందరు ఔత్సాహికులు కలిసి వేసిన పథకం. లోపాలు ఉన్నాయి. అయినా ముందు మొదలుపెడదాం. నెట్‌వర్క్ నిలబడ్డాక కమిటీ వేసుకుందాం. ఆ కమిటీ మాట్లాడుకునేది కూడా దీని మీదే కాబట్టి అసలు బాధలేమిటో వాళ్లకే తెలుస్తాయి.

పేరు కూడా ఎల్లిస్ పెట్టిందే. యూజ్‌నెట్. యూనిక్స్ వాడకందార్ల సంఘం యూజ్‌నిక్స్ దీన్ని తనదిగా తీసుకుంటుందేమో అన్న ఆశ ఆ పేరులోనే ఉంది.

ఎన్ని మాటలు వస్తాయి? రోజుకి ఒకటి, మహా అయితే రెండు. ఎన్ని ఊళ్లు? యాభై, పోనీ వంద. వాళ్ల లెక్క అది. వాళ్ల ఊహలో అంతకంటే పెద్ద లోకం లేదు.

ఆ ఏడాది వేసవి. డెలావేర్‌లో మళ్లీ సమావేశం. కలిసినవాళ్లు ఒకరి ప్రోగ్రాములు ఒకరికి టేపు మీద పంచుకోవడం అక్కడ మామూలు. ఆ టేపులో డేనియల్ రాసిన ప్రోగ్రాం కూడా ఎక్కింది. సోర్స్ కోడ్‌తో సహా. ధర లేదు. హక్కుల ముచ్చట లేదు. తీసుకోండి. వాడండి. మార్చండి.

టేపులు సూట్‌కేసుల్లో పడ్డాయి. రైళ్లెక్కాయి, విమానాలెక్కాయి. ఎవరి ఊళ్లకి వాళ్లు వెళ్లిపోయారు. డర్హమ్‌లో కుర్రాళ్లు ఎదురుచూపులో పడ్డారు.

*

ఉప్పెనలా రాలేదు. చినుకులా వచ్చింది.

అడ్డం పడింది ఫోన్ బిల్లు. డర్హమ్ నుంచి చాపెల్ హిల్‌కి లోకల్ కాల్. అక్కణ్ణించి కాలిఫోర్నియాకి? రాత్రి పూట చౌక రేటులో మాట్లాడినా సెకనుకు 30 అక్షరాల లెక్కన మీటరు తిరుగుతూనే ఉంటుంది. విద్యార్థుల జేబులో అంత డబ్బు ఎక్కడిది?

ఆదుకున్నవాళ్లు కంపెనీల లోపలి నుంచి వచ్చారు. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీలో యూనిక్స్ ఇంజనీర్లు డెక్‌వ్యాక్స్ అనే తమ మెషీన్‌ని దారి మీద నిలబెట్టారు. దూరపు కాల్స్ భారం కంపెనీ బిల్లులో కలిసిపోయింది. బెల్ ల్యాబ్స్ మెషీన్లూ చెయ్యి కలిపాయి. తూర్పు తీరం మాట పడమటి తీరం చేరింది.

చేరిన చోట బర్క్‌లీలో మార్క్ హార్టన్ ఉన్నాడు. ఆర్పానెట్ గేటు లోపల జరిగే చర్చల్ని తెచ్చి యూజ్‌నెట్‌లో పోశాడు. ఇన్నాళ్లూ గేటు బయట నిలబడ్డవాళ్లకి లోపలి మాటలు వినపడ్డాయి. రోజుకి ఒకటీ రెండూ అన్న లెక్క కొట్టుకుపోయింది. డేనియల్ ప్రోగ్రాం ఆ వరదకి తట్టుకోలేక మూలగడం మొదలుపెట్టింది.

దాన్ని తిరగరాయడానికి హార్టన్‌తో పాటు కూర్చున్నది ఎవరో తెలుసా? మాట్ గ్లిక్‌మన్. హైస్కూల్ కుర్రాడు. డ్యూక్ వాళ్లని అనుమతి అడగక్కర్లేదు. సోర్స్ కోడ్ ఎదురుగా ఉంది. బడి పిల్లవాడు అందులో చెయ్యి పెట్టి దేశమంతా వాడే దాన్ని మార్చాడు. కొత్తదాని పేరు బి న్యూస్. పాతది ఆనాటి నుంచి ఏ న్యూస్ అయింది.

డర్హమ్ కుర్రాళ్లు వదిలిన ఖాళీలోకి మనిషి వచ్చాడు. వాళ్లు ఎవరూ ఊహించనంత చిన్నవాడు.

*

ఆ తర్వాత ఆ రచ్చబండ మీద పడ్డ మాటలు చూడండి.

1983 సెప్టెంబర్ 27. రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్ ఒక ప్రకటన పెట్టాడు. యూనిక్స్‌కి సరితూగే వ్యవస్థ రాస్తాననీ, అందరికీ స్వేచ్ఛగా ఇస్తాననీ. అదే గ్నూ.

1991 ఆగస్టు 6. టిమ్ బెర్నర్స్-లీ తన వరల్డ్ వైడ్ వెబ్ గురించి చెప్పి, కావాలంటే కోడ్ తీసుకోమన్నాడు.

అదే నెల 25. ఫిన్లండ్‌లో ఒక విద్యార్థి సరదాకి ఆపరేటింగ్ సిస్టం రాస్తున్నాననీ, పెద్దదేం కాదనీ, సలహాలు చెప్పమనీ అడిగాడు. లైనస్ టోర్వాల్డ్స్. ఇవాళ మన చేతుల్లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల నడిచేది ఆ లినక్సే.

మూడు ప్రకటనలు. మూడూ ఆ తాళం లేని తలుపులోంచే వచ్చాయి. ఉచితంగా పంచుకున్న కోడ్ మీద నిలబడి, ఇంకా పెద్ద కోడ్‌ని పంచుకుంటామని చెప్పడానికి మనుషులు వచ్చారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, అదే తలుపు దగ్గర, ఇంకో గుంపు చేరింది. వాళ్ల దగ్గర చెప్పాల్సిన మాటలు కోకొల్లలు. రాయడానికి అక్షరాలే లేవు.

*

హ్యూస్టన్. టెక్సస్. బెజవాడ ఎండాకాలాన్ని గుర్తుకు తెచ్చే ఉక్క. రైస్ విశ్వవిద్యాలయం.

1990ల మొదటి ఏళ్లు. అమెరికా చదువులకి వచ్చిన తెలుగు పిల్లలు ఊరూరా ఉన్నారు. ఇంటికి ఫోన్ చెయ్యాలంటే నిమిషానికి లెక్క. ఉత్తరం రావాలంటే వారాలు. ల్యాబ్‌లో రాత్రి పని అయ్యాక టెర్మినల్ ముందు కూర్చుంటే ఒక గుంపు కనిపించేది. యూజ్‌నెట్‌లో తెలుగువాళ్ల గుంపు. సాక్ డాట్ కల్చర్ డాట్ ఇండియన్ డాట్ తెలుగు. ముద్దుగా స్కిట్.

ఒక్క కష్టం. ఆ తెర మీద ఇంగ్లిష్ అక్షరాలు తప్ప ఇంకేమీ పడవు. తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే ఎవడికి తోచినట్టు వాడు రాసేవాడు. త ఏదో ట ఏదో తెలీదు. ల ఏదో ళ ఏదో తెలీదు. పద్యం రాస్తే ప్రాస కనపడదు. తాత అన్నాడో టాటా అన్నాడో చదివేవాడు ఊహించుకోవాలి.

రైస్‌లో ఉన్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఆ కష్టం మీద పడ్డారు. ఒక కట్టుబాటు తయారుచేశారు. కీబోర్డు మీద ఉన్న చిన్న బడి పెద్ద బడి అక్షరాల తేడానే ఆసరా చేసుకున్నారు. చిన్న ‘టి’ కొడితే త. పెద్ద ‘టి’ కొడితే ట. చిన్న ‘డి’ అయితే ద, పెద్దదైతే డ. చిన్న ‘ఎన్’ న, పెద్ద ‘ఎన్’ ణ. చిన్న ‘ఎల్’ ల, పెద్ద ‘ఎల్’ ళ. నేర్చుకోవడానికి ఒక పూట చాలు. అలా రాసినదాన్ని నిజమైన తెలుగు అక్షరాలుగా మార్చే ప్రోగ్రాం కూడా రాశారు. ఆ కట్టుబాటు పేరు ఆర్‌టీఎస్. దాన్ని దాచుకోలేదు. ఉచితంగా గుంపులో పెట్టేశారు.

ఒక్కసారి ఊహించుకోండి: ఇల్లు వదిలి ఏళ్లయిన పిల్లవాడు, మంచు కురిసే ఏదో ఊళ్లో, అర్ధరాత్రి ల్యాబ్‌లో ఒంటరిగా కూర్చుని, తనలాగే ఎక్కడో ఒంటరిగా కూర్చున్న ఇంకొకడు టైపు చేసిన వరుసల్ని పైకి చదువుకుంటుంటే, అక్షరాలు పరాయివే అయినా చెవిలో మాత్రం ట టగా, ళ ళగా, అమ్మ నోట విన్నట్టుగా మోగడం.

తెలుగుకి కంప్యూటర్ మీద దారి వేసినవాళ్లు ఇంకా ఎందరో ఉన్నారు. ఈ దారి మాత్రం పొగాకు ఊళ్లో కుర్రాళ్లు పెట్టిన తలుపులోంచి వచ్చింది.

తలుపు మాత్రం అందరికీ తెరిచే ఉంది.

*

1994 ఏప్రిల్ 12. ఫీనిక్స్ నగరానికి చెందిన ఇద్దరు లాయర్లు ఒక ప్రకటన తయారుచేశారు. గ్రీన్ కార్డ్ లాటరీ. మీ దరఖాస్తు మేం వేసిపెడతాం. డబ్బులివ్వండి.

ఒక చిన్న ప్రోగ్రాం సాయంతో ఆ ప్రకటనని గుంపు తర్వాత గుంపులోకి తోసేశారు. చదరంగం గుంపు, వంటల గుంపు, గణితం గుంపు. తేడా లేదు. వేలాది గుంపుల్లోకి అదే కాగితం. ఏ గుంపు తెరిచినా అదే. పొద్దున్నే లేచి టెర్మినల్ తెరిచినవాళ్లు అవాక్కయ్యారు. కోపం కట్టలు తెంచుకుంది. తిట్లు వెల్లువెత్తి లాయర్ల ఇంటర్నెట్ కంపెనీ మెషీన్లు కుప్పకూలాయి. వాళ్ల ఖాతా మూతపడింది. అయినా వాళ్లు తగ్గలేదు. తప్పేం చేశామన్నారు.

పదిహేనేళ్ల కింద ఒక గదిలో వదిలేసిన ప్రశ్న ఇదే. ఎవడైనా వచ్చి అతి చేస్తే?

ఆనాటి ధీమాకి ఆధారం ముఖాలు తెలిసి ఉండటం. ఇప్పుడు ముఖాలు తెలీవు. చెత్త పెరిగింది. చెత్త ఏరడానికి కొత్త ప్రోగ్రాములు రాశారు. అవీ ఉచితంగానే పంచుకున్నారు. మంచివాళ్లు కొందరు అలిసిపోయి వెళ్లిపోయారు. కొందరు ఉండి ఊడుస్తూనే ఉన్నారు.

తలుపు కట్టినవాళ్లు ఏమయ్యారు? జిమ్ ఎల్లిస్ పిట్స్‌బర్గ్‌లో ఇంటర్నెట్ మీద దాడులు జరిగితే పరుగెత్తే సర్ట్ సంస్థలో పనిచేశాడు. స్టీవ్ బెల్లోవిన్ బిల్ చెస్విక్‌తో కలిసి ఫైర్‌వాల్స్ మీద పుస్తకం రాశాడు. ఆ పుస్తకం వచ్చిన ఏడాది 1994. తాళం వెయ్యలేకపోయిన ఇద్దరూ లోకానికి తాళాలు చేసే పనిలోనే పడ్డారు. ఆ రాత్రుల ప్రశ్నని వాళ్లు మరిచిపోలేదు.

*

2001 జూన్ 28. జిమ్ ఎల్లిస్ క్యాన్సర్‌తో కన్నుమూశాడు. వయసు 45.

2010 మే 20. డర్హమ్. డ్యూక్ విశ్వవిద్యాలయం తన యూజ్‌నెట్ సర్వర్‌ని ఆపేసింది. వాడేవాళ్లు తగ్గారు. ఖర్చు పెరిగింది. పుట్టింట్లోనే దీపం ఆరింది.

కథ అక్కడితో అయిపోవాలి. ఏ కంపెనీ సొంత సరుకైనా అయిపోయేదే. తల్లి మెషీన్ ఆగితే పిల్ల మెషీన్లన్నీ ఆగాలి.

ఏదీ ఆగలేదు. డ్యూక్ పేరు వరుసలోంచి పోయింది. మిగతా మెషీన్లు ఒకదాని ముద్ర ఒకటి చూసుకుంటూ మాటల్ని దాటిస్తూనే ఉన్నాయి. నడుమ పెద్ద కంప్యూటర్ ఉండకూడదని, ఒకటి చచ్చినా మిగతావి నడవాలని 1979లో అనుకున్నారు. 2010లో డ్యూక్ విషయంలోనే అది నిజమైంది.

ఆ తలుపులోంచి వచ్చిన ఆర్‌టీఎస్ కూడా ఆగలేదు. తెలుగు వికీపీడియాలో రాసేవాళ్లంతా చేరి మాట్లాడుకునే పేజీ ఒకటి ఉంది. దాని పేరు రచ్చబండ. అక్కడికి వచ్చేవాళ్లలో ఎందరో తెలుగు టైపు చెయ్యడం నేర్చుకున్నది లేఖిని అనే వెబ్ పేజీ మీద. లేఖిని నడిచేది ఆర్‌టీఎస్ దారిలోనే.

ఈ రాత్రి కూడా ఎవరో ఒకరు కీబోర్డు ముందు కూర్చుంటారు. తాత గురించి రాయాలనుకుంటారు. చిన్న ‘టి’ కొడతారు. తెర మీద త పడుతుంది.